మెరిసే గోడ మీద మెరవని రంగు

రంజాన్ సమీపిస్తున్నదంటే మన ఇళ్ళలో రంగుల ప్రస్తావన మొదలవుతుంది. ఏ రంగు వేయించాలన్న విషయమై ఇంటిల్లిపాదీ రోజుల తరబడి చర్చిస్తారు. అది మెరిసేదై ఉండాలా, మెరవనిదై ఉండాలా అన్నది మాత్రం దుకాణంలో నిలబడి ఒక్క నిమిషంలో తేల్చివేస్తారు. వేసిన రంగు ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది చాలావరకు ఈ రెండవ ప్రశ్న మీదనే ఆధారపడి ఉంటుంది.

మదర్సాలో పిల్లలు గోడకు ఆనుకొని కూర్చొని సబక్ వల్లిస్తారు. ఏడాది తిరిగేసరికి వారి తలల ఎత్తున నూనె మరక పట్టీలా ఏర్పడుతుంది. అందుకే పాతకాలపు బడులలోనూ, ఆసుపత్రులలోనూ, మన పెద్దల ఇళ్ళలోనూ గోడ కింది భాగానికి మూడు నాలుగు అడుగుల మేర ఆయిల్ పెయింటు, ఆపైన సున్నమో డిస్టెంపరో వేసేవారు. నేడు దానిని పాత మోటు పద్ధతిగా చూస్తున్నారు గాని, అందులో ఎంతో ఆలోచన ఉంది. మెరిసే రంగులో పొడి తక్కువ, దానిని పట్టి ఉంచే జిగురు ఎక్కువ. ఎండిన తరువాత అది నునుపైన పొరగా నిలిచి మరకను లోనికి పోనివ్వదు. మ్యాట్ రంగులో పొడి ఎక్కువ. దాని గరుకుదనం వెలుతురును చెదరగొడుతుంది కనుక ప్లాస్టరింగులోని ఎగుడుదిగుళ్ళు కంటికి ఆనవు. అయితే మరక పట్టుకుంటుంది, గట్టిగా రుద్దితే ఆ మేరకే నిగనిగలాడుతుంది. ఈ రెంటికీ నడిమిది శాటిన్. హాలుకూ పైకప్పుకూ మ్యాట్, వంటగదికీ పిల్లల గదికీ వజూ చేసుకొనే చోటికీ శాటిన్ సరిపోతాయి. ఇంతకు మించి దుకాణదారు వాగ్ధాటికి లోబడనవసరం లేదు.

చిక్కంతా పాత ఆయిల్ పెయింటు మీద కొత్తగా ఎమల్షన్ వేయించినప్పుడే వస్తుంది. నునుపైన పొరను నీటి రంగు పట్టుకోలేదు. కొన్ని నెలలకే గోరు తగిలినా పెచ్చులుగా లేచిపోతుంది. పాతది ఏ రకమో తెలియకపోతే స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో ఒక మూల రుద్ది చూడండి. ఎమల్షన్ అయితే మెత్తబడి గుడ్డకు అంటుతుంది, ఆయిల్ పెయింటు చెక్కుచెదరదు. ఆయిల్ పెయింటని తేలితే ముందు సబ్బు నీటితో జిడ్డు కడిగించి, మెరుపు పూర్తిగా చచ్చేవరకు ఉప్పు కాగితంతో రుద్దించి, తగిన ప్రైమర్ వేయించిన తరువాతనే కొత్త రంగు. ఖరీదైన డబ్బా కొని ఈ పని ఎగవేయడం కన్నా, చవక రంగు కొని ఈ కూలి చెల్లించడం మేలని నా అభిప్రాయం.

ఆ రుద్దడంలోనే అసలు ప్రమాదం ఉంది. ఇంటి రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని మన దేశంలో 2016లో నియమాలు చేశారు, అవి 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చాయి. అంతకు ముందటి ఆయిల్ పెయింట్లలో, ముఖ్యంగా పసుపు, ఎరుపు వంటి గాఢమైన రంగులలో, సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. పొడిగా గీకితే అది దుమ్మై నేల మీదా, పరుపుల మీదా, పసివారి చేతుల మీదా చేరుతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది; ఇంత మోతాదు వరకు ప్రమాదం లేదని చెప్పగల హద్దు కూడా లేదు. కనుక గోడను తడుపుతూ నీటికి తట్టుకొనే కాగితంతోనే రుద్దించాలి. మేస్త్రి ముక్కుకూ నోటికీ మంచి మాస్కు ఉండాలి. గర్భిణులనూ పిల్లలనూ ఆ రోజులలో నానీ ఇంటికో దాదీ ఇంటికో పంపండి. చీపురు పట్టక తడిగుడ్డతో తుడవండి. పాత రంగు పెచ్చులూడకుండా గట్టిగా ఉంటే దానిని కదిలించకుండా, కడిగి, మళ్ళీ ఆయిల్ పెయింటే వేయించడం తేలికైన మార్గం.

మరొక మాట. ఎమల్షన్ పైకి కొన్ని గంటలలోనే ఆరినా, లోపల గట్టిపడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అంతవరకు గోడ కడగరాదు. పండుగ మరునాడు సేమ్యా మరకలు తుడవవలసి వస్తుంది కనుక, పనిని షాబాన్ నెలలోనే ముగించుకోండి.