మంచు అడిగే పొడుగు

మార్చిలో మన మామిడి చెట్లకు పిందె కట్టే రోజుల్లోనే కెనడాలోనూ, అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లోనూ మంచు కరగడం మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే అక్కడి స్నోమొబైల్ కంపెనీలు వచ్చే చలికాలపు బండ్లకు బుకింగులు తెరుస్తాయి. వసంతంలో డబ్బు కట్టినవాళ్లకు తప్ప దొరకని మోడళ్లు కూడా ఉంటాయి. అందుకని మంచు బండి మీద మోజున్నవాళ్లు, ముంగిట్లో మంచు నీరై పారుతుండగానే, ఎప్పుడో నవంబర్ తర్వాత పడబోయే మంచు కోసం ఒక అంకె చెప్పాల్సి వస్తుంది. 129, 137, 146, 154, 165, 175. ఇవి అంగుళాలు. బండి కింద తిరిగే రబ్బరు ట్రాక్ చుట్టుకొలత అది. రంగు నచ్చకపోతే స్టిక్కర్లు వేసుకోవచ్చు, సీటు మార్చుకోవచ్చు. ట్రాక్ పొడుగు మార్చాలంటే మాత్రం దాన్ని మోసే పట్టాల దగ్గర్నుంచి పైన కప్పి ఉండే రేకు దాకా అన్నీ విప్పాలి. అంత పని పెట్టుకునేవాళ్లు తక్కువ.

వసంతంలో అడిగిన ప్రశ్నకు జవాబు వసంతంలోనే వస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. సీజను ముగిసేసరికి మనసులో మిగిలేది ఒకే ఒక్క రోజు. మోకాలి లోతు కొత్త మంచు పడి, ఎండ కాసి, కొండవాలంతా మనదే అనిపించిన రోజు. మిగతా ముప్పై రోజులూ ఊరి వెనక బాట మీద, గట్టిపడిన మంచు మీద, గతుకుల్లో నడిపినవి. అవి గుర్తుకు రావు. గుర్తున్న ఆ ఒక్క రోజు కోసం 165 అని రాసి సంతకం పెట్టేస్తారు.

ఈ బండి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మోటార్ సైకిల్ మీద కూర్చున్నట్టే కూర్చుంటాం. ముందు చక్రానికి బదులు రెండు స్కీలు, వెనక చక్రానికి బదులు వెడల్పాటి రబ్బరు బెల్టు ఉంటాయి. ఆ బెల్టే ట్రాక్. గుల్మార్గ్ వెళ్లొచ్చిన మనవాళ్లు దీన్నే స్నో స్కూటర్ అంటారు. ట్రాక్ మీద అడ్డంగా వరుసలు తీరి రబ్బరు పళ్లు ఉంటాయి. మంచును పట్టి వెనక్కి నెట్టేవి అవే. బాట మీద తిరిగే బండికి ఆ పళ్లు అంగుళమో, అంగుళంపావో. కొండల బండికి రెండున్నర నుంచి మూడు అంగుళాలు. పొడుగు గురించి మాట్లాడేటప్పుడు ఈ పళ్ల ఎత్తును పక్కన పెట్టడానికి వీల్లేదు. ఆ రెండూ జంటగానే వస్తాయి.

పొడుగు చేసే పనేమిటో చిన్న లెక్కతో చూడవచ్చు. 129 అంగుళాల ట్రాక్‌కూ 165 అంగుళాల ట్రాక్‌కూ తేడా 36 అంగుళాలు. కానీ ట్రాక్ చుట్టూ తిరిగేది కదా, పెరిగినదాంట్లో సగం పైనే ఉండిపోతుంది. మంచును తాకే భాగం పెరిగేది 18 అంగుళాలే. వెడల్పు 15 అంగుళాలు అనుకుంటే 270 చదరపు అంగుళాలు, అంటే రెండు చదరపు అడుగులకు కాస్త తక్కువ. బండి బరువు రెండు క్వింటాళ్ల పైమాటే. దానిమీద మనిషి, పెట్రోలు, వీపున సంచీ. ఇంత బరువునూ మోయడానికి అదనంగా దొరికింది ఆ రెండడుగుల చోటే. చూడటానికి ఎంతో కాదు. కానీ గాలి నిండిన పొడి మంచులో, కాలు పెడితే నడుము దాకా దిగిపోయే చోట, బండి తేలుతుందా మునుగుతుందా అన్నది ఆ రెండడుగులే తేలుస్తాయి.

ఇదేమీ మనకు తెలియని లెక్క కాదు. వరి కోతల కాలంలో మిషన్ మాట్లాడుకోవడానికి వెళితే డ్రైవరు అడిగే మొదటి ప్రశ్న, "బాబాయ్, మడి ఆరిందా?" అనే. ఆరితే టైర్ల మిషన్, తడి ఉంటే చైన్ మిషన్. చైన్ మిషన్‌కు గంట కిరాయి ఎక్కువ. అయినా అకాల వర్షానికి నానిన చేలో టైర్ల మిషన్ దించితే కూరుకుపోతుందని రైతుకు తెలుసు. అలాగని ఆరిన చేనుకు ఎవరూ చైన్ మిషన్ పిలవరు. ఆ చైన్ మిషన్ ఊరు మారాలంటే లారీ ఎక్కాల్సిందే. తారురోడ్డు మీద నడిపితే రబ్బరు అరిగిపోతుంది. నేల మెత్తగా ఉన్నచోట దాని గొప్ప, నేల గట్టిగా ఉన్నచోట అదే దాని బరువు. పెద్ద మిషన్ చూసి మన రైతు మురిసిపోడు, ముందు చేను చూస్తాడు. మంచు దేశాల్లో బండి కొనేవాళ్లకు కావాల్సిందీ ఆ చూపే.

బాట సంగతి ముందు చూద్దాం. క్యూబెక్ రాష్ట్రంలో ఒక్క స్నోమొబైళ్ల కోసమే 30 వేల కిలోమీటర్లకు పైగా బాటలున్నాయి. విస్కాన్సిన్, మినెసొటా, మిషిగన్ ఎగువ ద్వీపకల్పంలోనూ ఇలాంటివి అడవుల గుండా ఊరి నుంచి ఊరికి సాగుతాయి. వీటిలో చాలావాటిని చూసుకునేది స్థానిక క్లబ్బులు. రాత్రిపూట గ్రూమర్ అనే పెద్ద యంత్రం మంచును చెక్కి, పరిచి, అణిచిపెడుతుంది. తెల్లారేసరికి చలికి అది గచ్చులా బిగుస్తుంది. ఉదయం పూట ఆ బాట మీద వెళ్లడం నున్నటి నేల మీద జారినట్టుంటుంది. మధ్యాహ్నానికి వచ్చిన ప్రతి బండీ మలుపు ముందు బ్రేకు వేసి, మలుపు దాటాక గట్టిగా యాక్సిలరేటర్ ఇచ్చి, అక్కడక్కడా గుంతలు తవ్వేస్తుంది. వరసగా గుంతా గట్టూ, గుంతా గట్టూ. ఇక్కడ 129 అంగుళాల బండి ప్రతి గుంతలోకీ దిగి లేస్తుంది, నడిపేవాడి నడుము దానితో పాటు దిగి లేస్తుంది. 137 అయితే ఒక గట్టు మీంచి ఇంకో గట్టు మీదకు వంతెనలా ఆనుకుని పోతుంది. మరి 129ని ఎందుకు కొంటారంటే, మలుపుల్లో అది చెప్పినట్టు వింటుంది. దగ్గరదగ్గర మలుపులున్న అడవి బాటలో దాని చురుకుతనం పొడుగు బండికి రాదు. రోజుకు రెండు వందల కిలోమీటర్లు పోయేవాళ్లకు 137 సుఖం. ఈ రెంటి మధ్యా మంచీ చెడూ లేదు, నడుమూ మలుపూ ఉన్నాయి.

అదే బాట మీదకు కొండల కోసం చేసిన 165ను తెస్తే ఏమవుతుందో చాలామంది కొన్నాక గానీ చూడరు. స్నోమొబైల్‌కు మంచు దారి మాత్రమే కాదు, చల్లబరిచే నీళ్లూ అదే. ట్రాక్ వెనక్కి చిమ్మే మంచు రేకు కిందున్న గొట్టాలకు తగిలి ఇంజన్‌ను చల్లబరుస్తుంది. ట్రాక్ జారే పట్టాల అడుగున ప్లాస్టిక్ పట్టీలుంటాయి, వాటికి కందెన కూడా ఆ మంచే. గడ్డకట్టిన బాట మీద చిమ్మడానికి మంచు పొడి ఉండదు. వేడి సూచించే దీపం వెలుగుతుంది. ప్లాస్టిక్ పట్టీ కాలిన వాసన వస్తుంది. మెత్తని రబ్బరుతో చేసిన మూడంగుళాల పళ్లు గట్టి నేల మీద వేగానికి వంగి, వేడెక్కి, కొన్నాళ్లకు మొదలంటా తెగిపోతాయి. బాటను గీకి మంచు పొడిని పైకి లేపే ఇనుప తీగలు బిగించుకుంటే కొంత నయం. అది ఉపశమనమే, మందు కాదు. పైగా కొండల బండికి ముందున్న రెండు స్కీల మధ్య ఎడం సుమారు 36 అంగుళాలే. బాట బండికైతే 42 దాకా ఉంటుంది. ఒరగడానికి వీలుగా చేసిన ఆ ఇరుకు, వేగంగా మలుపు తిరిగేటప్పుడు లోపలి స్కీని గాల్లోకి లేపుతుంది.

ఇక కొండ. వయోమింగ్‌లో టోగ్వోటీ కనుమ 9,658 అడుగుల ఎత్తున ఉంటుంది. టర్బో లేని ఇంజన్ వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. అంటే ఆ కనుమ దగ్గరికి చేరేసరికి పావు వంతుకు పైగా పోయినట్టే. మిగిలిన బలంతో పొడుగు ట్రాక్‌ను తిప్పాలి, వాలు ఎక్కాలి. అక్కడ పొట్టి ట్రాక్ బండి తీసుకెళ్లినవాడి అవస్థ చెప్పనక్కర్లేదు. యాక్సిలరేటర్ ఇచ్చిన కొద్దీ ట్రాక్ కిందకు తవ్వుకుంటుంది, వెనక భాగం గోతిలో కూరుకుంటుంది, ముక్కు ఆకాశం చూస్తుంది. పార తీసి చుట్టూ తవ్వి, కింద తొక్కి, ఇద్దరు పట్టి లాగాలి. రోజుకు పదిసార్లు ఆ పని చేసినవాడు మరుసటి ఏడాది పొడుగు ట్రాక్ కొంటే తప్పు పట్టలేం.

కొండలోనూ పొడుగుకు ధర ఉంది. చెట్ల మధ్య సందులో ఒక పక్కకు ఒరిగి, వాలుకు అడ్డంగా పోతూ, చటుక్కున తిప్పాల్సి వచ్చినప్పుడు 175 మొండికేస్తుంది. అది తిన్నగా, పైకి పోవడానికి పుట్టింది. చెట్లలో ఆడుకునేవాళ్లు 154ను ఇష్టపడతారు. మనిషి బరువైనా, మంచు మరీ లోతైనా 165 వైపు మొగ్గుతారు. ఒక తరం వెనక్కి వెళితే, 90ల్లో 136 అంగుళాలంటే అదే కొండల బండి. ఇవాళ 137 మామూలు బాట బండి. మంచు లోతు మారలేదు, కొండ ఎత్తూ మారలేదు. మనిషి పోదామనుకునే చోటు మారింది.

మధ్యలో 144, 146 ఉన్నాయి. సగం రోజులు బాట, సగం రోజులు పక్కనున్న పొలాలూ బోడి గుట్టలూ తిరిగేవాళ్లకు చేసినవి. పళ్లు రెండంగుళాలకు అటూ ఇటూ. రెంటికీ సరిపోవు అని వీటిని తీసిపారేసేవాళ్లుంటారు. నా అభిప్రాయం వేరు. నెలకోసారి కొండకు వెళ్లే సంసారికి ఇదే నిజాయితీ గల కొలత. అసలైన కొండల్లో 146 కొన్ని చోట్లకు ఎక్కలేదు, ఆ మాట నిజమే. ఎక్కలేని చోటుకు పోకపోవడం కొత్తవాళ్లకు నష్టం కాదు.

ఈ చివరి మాట ఊరికే అనలేదు. పొడుగు ట్రాక్, టర్బో ఇంజన్ కలిసి నైపుణ్యం లేనివాణ్ణి కూడా నిలువు వాలు మీదకు చేరుస్తున్నాయి. ఒకప్పుడు అక్కడికి ఎక్కాలంటే ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సి వచ్చేది, ఆ ఏళ్లలో మంచు స్వభావం కూడా తెలిసేది. ఇప్పుడు బండి ఎక్కిస్తోంది, మంచు సంగతి మాత్రం అది చెప్పదు. మంచుచరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. పొడుగు ట్రాక్ సరదాగా ఎక్కే వాలూ అదే. 2010 మార్చి 13న కెనడాలో రెవెల్‌స్టోక్ దగ్గర బౌల్డర్ మౌంటెన్ మీద, ఎవరు ఎంత ఎత్తు ఎక్కుతారో చూడటానికి చేరిన జనం మీద మంచుచరియ విరిగిపడింది. ఇద్దరు చనిపోయారు, పదులమంది గాయపడ్డారు. ఉత్తర అమెరికాలో ఇలా ప్రాణాలు పోగొట్టుకునేవాళ్లలో స్నోమొబైల్ నడిపేవాళ్ల వాటా పెద్దది. మంచు కింద కూరుకుపోయిన మనిషిని మొదటి పది నిమిషాల్లో తవ్వి తీస్తే బతికే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత గబగబా తగ్గిపోతుంది. ఆ పది నిమిషాల్లో పట్టణం నుంచి ఎవరూ రాలేరు. పక్కనున్న నేస్తం, అతని సంచీలోని పార, ఒంటిమీద జాడ తెలిపే ట్రాన్స్‌సీవర్, మంచులోకి గుచ్చి వెతికే కడ్డీ, ఇవే దిక్కు.

ప్రాణాల మాట వచ్చినప్పుడు ఈ బండి పుట్టుక గుర్తొస్తుంది. 1934 చలికాలంలో క్యూబెక్‌లోని వాల్‌కూర్ అనే ఊళ్లో జోసఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ రెండేళ్ల కొడుకు కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చి మంచం పట్టాడు. రోడ్లన్నీ మంచు కింద ఉన్నాయి. ఆసుపత్రికి తీసుకెళ్లే దారి లేక పసివాడు చనిపోయాడు. అంతకుముందు నుంచే మంచు మీద నడిచే బండి కోసం తంటాలు పడుతున్న ఆ తండ్రి, మరుసటి ఏడాదికి పళ్ల చక్రంతో తిరిగే ట్రాక్‌ను సాధించాడు. 1937లో దానికి పేటెంటు వచ్చింది. డాక్టర్లు, బడి పిల్లలు, తపాలా వాళ్లు ఎక్కిన పెద్ద మంచు బండ్లు ముందు వచ్చాయి, ఒక్కరిద్దరు ఎక్కే చిన్న స్కీ-డూ 1959లో వచ్చింది. అతను పనిచేసిన గరాజును వాల్‌కూర్ మ్యూజియంలో ఇప్పటికీ చూడవచ్చు. ట్రాక్ కొలతలు మొదట తీసింది ముచ్చట తీర్చుకోవడానికి కాదు, మనిషిని ఇంటి నుంచి వైద్యుడి దగ్గరికి, మళ్లీ ఇంటికి చేర్చడానికి. లాప్‌లాండ్‌లో రెయిన్‌డీర్ మందలు కాసే సామీ జనం నేటికీ ఈ బండిని పనిముట్టుగానే చూస్తారు.

మినియాపొలిస్, డెట్రాయిట్, టొరంటోలలో మనవాళ్ల కుటుంబాలు ఎన్నో. చలికాలంలో వారాంతానికి నలుగురు స్నేహితులు కలిసి బండ్లు అద్దెకు తీసుకోవడం మామూలైంది. కొందరు సొంతానికి కొంటున్నారు. మంచు ఎరగని ఊళ్లలో పుట్టి ఆ మంచు మీద తిరిగే పిల్లల్ని చూస్తే ముచ్చటేస్తుంది. వారికి ఒక విన్నపం. కొనేవారు సంతకం పెట్టేముందు, పోయిన చలికాలంలో బండి నడిపిన రోజులన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఏ రోజు ఏ మంచు మీద తిరిగారో పక్కన రాయండి. అద్దెకు తీసుకునేవారు కౌంటర్ దగ్గర, ఇవాళ్టి దారికి ఏ ట్రాక్ సరిపోతుందని అడగండి. కొండకు వెళుతుంటే బయల్దేరే ముందు ఆ రోజు మంచుచరియల హెచ్చరిక చూడండి. పశ్చిమ కెనడా కొండలకు రెవెల్‌స్టోక్‌లోని అవలాంచ్ కెనడా సంస్థ చలికాలమంతా ఆ హెచ్చరికలు ఇస్తూనే ఉంటుంది, చూడటానికి పైసా ఖర్చు లేదు.