నల్లా వేళ, కంప్యూటరు వేళ

మన కామాఠీపుర గల్లీలలోను, తెలుగువారి చాళ్లలోను నల్లా నీరు వచ్చు వేళ ఎరుగని పిల్లవాడు లేడు. ఆ వేళకు బిందెలు సిద్ధముగా లేనిచో ఆ దినమంతయు ఇంటివారికి ఇబ్బందియే. నీటి వేళను ఇంత శ్రద్ధతో పాటించు మనము, ఇంటిలోని కంప్యూటరుకు కూడ అట్టి వేళ యొకటి ఉండవలెనని మరచుచున్నాము. అది యాంటీవైరస్ అప్‌డేటు వేళ. ఈ విషయమును గూర్చి విద్యార్థులకును, తల్లిదండ్రులకును మా అభిప్రాయమును విన్నవింపదలచితిమి.

యాంటీవైరస్ ద్వారమున నిలిచిన కావలివాని వంటిది. కావలివానికి దొంగల ఆనవాళ్లు తెలిసియుండవలెను గదా! కొత్త వైరసులు నిత్యము పుట్టుచున్నవి. వాని ఆనవాళ్ల పట్టికను యాంటీవైరస్ తయారుచేయువారు ఎప్పటికప్పుడు సవరించి పంపుచుందురు. ఆ పట్టికను ఇంటర్నెట్ ద్వారా తెచ్చుకొనుటయే అప్‌డేటు. మనము వేరొక పని చేసికొనుచుండగా, తెర వెనుక తనంతట తానే అది జరుగునట్లు ఏర్పాటు చేయవచ్చును. అయితే ఏ వేళకు ఏర్పాటు చేయవలెననునదే ముఖ్యమైన ప్రశ్న.

మేమెరిగిన ఒక ఇంట జరిగిన సంగతి ఇది. ఖోలీ యొక్కటే, వంట, చదువు, నిద్ర అన్నియు అందులోనే. పాత కంప్యూటరు నొకదానిని కొనిరి. దానిని అమర్చినవాడు అప్‌డేటు వేళను రాత్రి 2 గంటలకు పెట్టిపోయెను. రాత్రియంతయు యంత్రములు నడుచు కార్యాలయములకు అది తగిన వేళయే. కాని ఆ ఖోలీలో రాత్రి 10 గంటలకే దీపమార్పి అందరును పడుకొందురు, కంప్యూటరును కట్టివేయుదురు. నెలలు గడచినను ఒక్క అప్‌డేటైనను రాలేదు. తుదకు ఒక పెన్‌డ్రైవు ద్వారా వైరసు ప్రవేశించెను. పదవ తరగతి చదువుచున్న బాలిక సిద్ధము చేసికొనిన నోట్సంతయు, ప్రిలిమినరీ పరీక్షకు వారము ముందు పాడైపోయెను. కావలివాడు ఉండెను, కాని వానికి కబురందలేదు.

ఇట్టి ఆలస్యము పెద్ద సంస్థలను కూడ విడువదు. 2017 మే 12న వానాక్రై అను వైరసు లోకము మీద పడినది. అది ఫైళ్లకు తాళము వేసి, తీయుటకు సొమ్ము కోరెడిది. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దానికి చిక్కినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడ అందు కలవు. అది దూరిన సందును మూయు విండోస్ సవరణను మైక్రోసాఫ్ట్ మార్చి 14ననే విడుదల చేసియుండెను. రెండు నెలల వ్యవధి ఉన్నను ఎందరో దానిని వేసికొనలేదు. కనుక యాంటీవైరస్‌తో పాటు విండోస్ అప్‌డేటును కూడ ఆపివేయరాదు.

అప్‌డేట్లు మొబైలు డేటాను మ్రింగివేయునని కొందరు తల్లిదండ్రులు భయపడుదురు. దినదినమును వచ్చు పట్టికలు సాధారణముగా చిన్నవి; చాల దినములు మానివేసినప్పుడే మొత్తము ఒక్కసారిగా దింపుకొనవలసి వచ్చును. డేటా పొదుపునకై హాట్‌స్పాట్‌ను ‘మీటర్డ్’ కనెక్షనుగా గుర్తించినచో అప్‌డేట్లు ఆగిపోవచ్చునని కూడ ఎరిగియుండవలెను.

అప్‌డేటే కీడు చేసిన సందర్భము లేదా యని మరికొందరు అడుగుదురు. లేకపోలేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన దోషయుక్తమైన అప్‌డేటు వలన సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయినవి. హైదరాబాదు విమానాశ్రయమున బోర్డింగు పాసులను చేతితో వ్రాసి ఇచ్చిరి. కాని అట్టిది అరుదు. వైరసులు నిత్యము వచ్చునవి. ఒకనాడు నల్లాలో బురదనీరు వచ్చినదని బిందె పట్టుట మానుదుమా? రెంటికిని విరుగుడుగా, ముఖ్యమైన ఫైళ్లకు వేరొక ప్రతిని పెన్‌డ్రైవులో దాచి, దానిని కంప్యూటరు నుండి తీసి ఉంచవలెను.

మా సలహా ఇది. కార్యాలయపు వేళను అరువు తెచ్చుకొనక, మన ఖోలీకి తగిన వేళను పెట్టుకొనవలెను. కంప్యూటరు నడుచుచుండి, దానితో ఎవరికిని తొందర లేని సమయము, అనగా రాత్రి భోజనపు వేళ, మేలైనది. తప్పిపోయిన వేళను యంత్రము తెరచినప్పుడు పూర్తిచేయు ఏర్పాటు ఉన్నచో దానిని కూడ ఎంచుకొనవలెను. తెరపై ఇంగ్లీషు చూచి పెద్దలు జంకనక్కరలేదు. విండోస్‌ను తెలుగులో చూపు భాషా ప్యాకు కలదు. ఇంటి పిల్లవాడు ప్రతి ఆదివారము చివరి అప్‌డేటు తేదీని చదివి తల్లిదండ్రులకు వినిపించవలెను. ఆ తేదీ పాతదైనచో కారణమేమో ఆనాడే వెదకవలెను. వచ్చు ఆదివారమే ఈ పని ఆరంభింపుడని మా మనవి.