బోల్టు మనది, విద్య ఎవరిది?



పోయినసారి భూముల సంగతి మాట్లాడుకున్నాం. ఈసారి విద్య సంగతి. బడి విద్య కాదు, ఫ్యాక్టరీ గేటు లోపలి విద్య.

పెనుకొండ దగ్గర ఎర్రమంచి. 2022లో జిల్లా పేరు మారింది గానీ నేల మారలేదు, అదే కరువు నేల. 2017 ఏప్రిల్లో కియా ఇక్కడికి రావడానికి ఒప్పందం కుదిరింది. 536 ఎకరాలు, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. గొల్లపల్లి రిజర్వాయరు నీళ్లిచ్చాం. 2019లో సెల్టోస్ రోడ్డెక్కింది. మంచిదే, నేను కాదనను. కానీ ఒకటి అడుగుతా. కారు వెనకున్న విద్య ఎక్కడుంది?

ఆ గ్రూపు పెద్ద పరిశోధన కేంద్రం కొరియాలోని నమ్యాంగ్‌లో ఉంది. మన దేశపు ఇంజనీరింగ్ కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. బోల్టు బిగించేది ఇక్కడ. విదేశీ కంపెనీల పద్ధతే ఇది. హెడ్డాఫీసు నుంచి వచ్చే మనిషి పంతులూ అతనే, కాపలాదారూ అతనే. ఎలా చెయ్యాలో సెకన్లతో సహా నేర్పుతారు. ఎందుకలా చెయ్యాలో మాత్రం దాచుకుంటారు.

మా వాడ పిల్లోడొకడు ఐటీఐ ఫిట్టరు. ఒక విడిభాగాల కంపెనీలో, పేరెందుకులే, నాలుగేళ్లు చేశాడు. రోబో ఆగితే పసుపు గీత వెనక్కి పోయి నిలబడాలి. ఒక్కరోజు కూడా దాని మాన్యువల్ చేతికివ్వలేదు. కాంట్రాక్టు అయిపోయింది. ఇప్పుడు బెంగళూరులో పార్సిళ్లు మోస్తున్నాడు.

చేతులు కావాలి, చదువు వద్దు. ఈ మాట మనకు కొత్తా? ఏకలవ్యుడి బొటనవేలు అడిగిన దేశం మనది. కులమంటే పనుల విభజన మాత్రమే కాదు, పనివాళ్ల విభజన అని బాబాసాహెబ్ 1936లోనే తేల్చిచెప్పాడు.

"కంపెనీ రహస్యాలు కంపెనీవి, నీకెందుకు?" అంటారు కొందరు. అయ్యా, కియా చరిత్ర చూడండి. 1974లో వాళ్లు చేసిన బ్రిసా జపాన్ మాజ్దా కారు ఆధారంగా వచ్చిందే. హ్యుందాయ్ మొదట్లో ఫోర్డ్ కార్టినాలు బిగించింది. బిగిస్తూ నేర్చుకున్నారు, నేర్చుకుని సొంతంగా గీశారు. వాళ్లకు పనికొచ్చిన దారి మనకెందుకు పనికిరాదు?

మన ప్రభుత్వాలు ఉద్యోగాల లెక్క అడిగాయి, విద్య లెక్క అడగలేదు. 2019లో తెచ్చిన 75 శాతం స్థానికుల చట్టం అడ్రసు చూసింది, ఆ అడ్రసు ఊళ్లోదా వాడలోదా చూడలేదు. రిజర్వేషన్ ప్రైవేటు గేటు దగ్గరే ఆగిపోతుంది.

గేటు దాటి లోపలికి పోయే చట్టం మాత్రం ఒకటుంది. 1961 అప్రెంటిస్ చట్టం. నిర్దేశిత ట్రేడుల శిక్షణ సీట్లలో ఎస్సీ, ఎస్టీలకు వాటా ఉండాలని 1973 సవరణ చెబుతోంది. ప్రైవేటు ఫ్యాక్టరీకీ ఇది వర్తిస్తుంది.

కాబట్టి ఏడవడం ఆపి లెక్క అడుగుదాం. ఈ పారిశ్రామిక వాడలో పెద్ద ఫ్యాక్టరీకీ, దాన్ని ఆనుకుని ఉన్న విడిభాగాల కంపెనీలన్నిటికీ కలిపి ఎందరు అప్రెంటిస్‌లు? అందులో ఎస్సీ, ఎస్టీలు ఎందరు? ఎందరు పర్మనెంటయ్యారు? లైను మీద నుంచి మెయింటెనెన్సుకు, క్వాలిటీకి, రోబో ప్రోగ్రామింగుకు పోయిందెవరు? అప్రెంటిస్ సలహాదారు కార్యాలయం ప్రభుత్వానిదే, సమాచార హక్కు చట్టం కింద జవాబు చెప్పాల్సిందే. మండలానికి ఇద్దరు దరఖాస్తు పెట్టండి. రాయడం రాకపోతే నాకు చెప్పండి, నేను రాసిస్తా.

కూలి ఇచ్చినంత మాత్రాన బాకీ తీరదు. పని నేర్చుకోవడం మన హక్కు.

జై భీమ్.