అభిరుచి ముందు, యంత్రం తరువాత

ఆహారంలో రుచిభేదం ఉన్నట్లే ఆటలోనూ రుచిభేదం ఉంటుంది. ఒకరికి ఎత్తుకు పైయెత్తు వేయడం ఇష్టం. మరొకరికి క్షణంలో స్పందించే చురుకుదనం ఇష్టం. ఇంకొకరికి కథలో లీనమై కొత్త లోకంలో సంచరించడం ఇష్టం. వీడియోగేముల విషయానికి వచ్చేసరికి ఈ సహజమైన తేడాను మనం మరచిపోతున్నాం. ‘నాకు ఏ ఆట నచ్చుతుంది?’ అని అడుగవలసిన చోట ‘అందరూ ఆడుతున్న ఆట నా కంప్యూటరులో నడుస్తుందా?’ అని అడుగుతున్నాం. నడవదని తెలియగానే యంత్రం మీద విసుగు, తోటివారి ముందు చిన్నతనం కలుగుతాయి. మార్కాపురం, కంభం, గిద్దలూరు పట్టణాలలోనూ, వాటి చుట్టూ ఉన్న పల్లెలలోనూ చదువుకునే విద్యార్థులకు ఈ అనుభవం కొత్త కాదు. అన్న ఇంజనీరింగు చదువుకు కొన్న కంప్యూటరో, ఏదో కార్యాలయం మార్చివేసిన కంప్యూటరో వారి చేతికి అందుతుంది. అటువంటి యంత్రం ఆటలకు పనికిరాదనడం తొందరపాటు. తన అభిరుచిని తెలుసుకొని ఆటను వెదికేవానికి పాత యంత్రమే చాలినంత వినోదాన్ని ఇవ్వగలదని నా అభిప్రాయం.

అభిరుచిని తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కరలేదు. మన పెద్దలు అరుగుల మీద, మండపాల బండల మీద గీసుకొని ఆడిన ఆటలే అందుకు దారి చూపుతాయి. పులిజూదంలో 3 పులులు, 15 మేకలు ఉంటాయి. పులులకు బలం ఉంది, మేకలకు సంఖ్య ఉంది. పులి మేకమీదుగా దూకి దానిని చంపుతుంది. మేకలు ఒకదానికొకటి అండగా నిలిచి పులిని కదలనీయకుండా కట్టివేస్తాయి. అసమాన బలాల మధ్య వ్యూహం పన్నడంలో ఆనందించేవారి ఆట ఇది. దాడి ఆటలో ఇరువురికీ తొమ్మిదేసి కాయలు ఉంటాయి. మూడు కాయలను ఒకే వరుసలో నిలిపినవాడు ఎదుటివాని కాయను తీసివేస్తాడు. ఇది సమానుల మధ్య పోటీ. వామనగుంటలలో 14 గుంటలలో గింజలు పంచుతూ, చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందుగానే లెక్క కట్టాలి. వైకుంఠపాళిలో బుద్ధికంటె అదృష్టానిదే పెత్తనం. వీటిలో ఏది ఆడుతున్నప్పుడు మీకు కాలం తెలియలేదో గుర్తు చేసుకోండి. మీ అభిరుచికి అదే ఆనవాలు.

ఈ అభిరుచులన్నింటికీ కంప్యూటరులో తగిన ఆటలు ఉన్నాయి. వాటిలో చాలా వాటికి పెద్ద యంత్రం అవసరం లేదు. పులిజూదం మెచ్చినవారికి ‘ది బ్యాటిల్ ఫర్ వెస్నాత్’ నచ్చవచ్చు. 2003లో మొదలైన ఈ ఆటలో సైన్యాలను వంతులవారీగా గళ్ల మీద నడపాలి. నాగరికతను మొదటి నుంచి నిర్మించే ‘ఫ్రీసివ్’ 1996 నాటిది. వామనగుంటల లెక్క నచ్చినవారు రైళ్లను, బస్సులను నడిపి లాభనష్టాలను బేరీజు వేసే ‘ఓపెన్ టీటీడీ’ని ప్రయత్నించవచ్చు. ఈ మూడూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఆటలు. ఎవరైనా ఉచితంగా పొందవచ్చు, ఇతరులకు పంచవచ్చు. కొత్త సంచిక యంత్రానికి బరువైతే పాత సంచికను ఎంచుకోవచ్చు. కథాప్రియులకు 1994లో వెలువడిన ‘బెనీత్ ఎ స్టీల్ స్కై’ ఉంది. దాని నిర్మాతలే 2003లో దానిని ఉచితంగా విడుదల చేశారు. నాటి కథాప్రధానమైన ఆటలను నేటి యంత్రాల మీద నడిపే ‘స్కమ్‌వీఎమ్’ అనే సాఫ్ట్‌వేరుతో దానిని ఆడవచ్చు.

చిన్న యంత్రంలో గొప్ప ఆట సాధ్యమా అని కొందరు సందేహించవచ్చు. చరిత్ర ఆ సందేహాన్ని తీరుస్తుంది. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ ‘టెట్రిస్’ను సృష్టించినప్పుడు ఆయన వాడిన ఎలక్ట్రానికా 60 అనే కంప్యూటరుకు బొమ్మలు చూపే శక్తి లేదు. అక్షరాల మధ్య వాడే చిహ్నాలతోనే ఆయన దిమ్మెలను గీశాడు. ఆ ఆట ప్రపంచమంతటా వ్యాపించింది. 1993లో వెలువడిన ‘డూమ్’కు 4 మెగాబైట్ల మెమరీ చాలింది. నేడు మనం పాతదని పక్కన పెట్టే కంప్యూటరులో 2 గిగాబైట్ల మెమరీ ఉన్నా, అది అంతకు సుమారు 500 రెట్లు. మన దాడి ఆటనే తీసుకోండి. దానిని యూరప్‌లో ‘నైన్ మెన్స్ మోరిస్’ అంటారు. ఆ ఆటలో ఏర్పడగల స్థితులను రాల్ఫ్ గాసర్ అనే పరిశోధకుడు నాటి కంప్యూటర్లతో గణించి, ఇరువురూ పొరపాటు లేకుండా ఆడితే ఎవరూ గెలవరని 1993లో తేల్చాడు. ఆట లోతు దాని నియమాలలో ఉంటుంది. తెరమీది తళుకులు ఆ లోతును పెంచవు.

మార్కాపురం ప్రాంతంవారికి ఈ సత్యం వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడి రాతితో చేసిన పలకల మీద ఎన్నో రాష్ట్రాల పిల్లలు అక్షరాలు దిద్దారు. పలక మీద చోటు తక్కువే. కాని పలక చిన్నదైనంత మాత్రాన దానిమీద చేసిన లెక్క చిన్నది కాలేదు. నోటుపుస్తకాలు వ్యాపించి పలకల వాడకం తగ్గినప్పుడు కూడ ఆ రాయి వృథా కాలేదు. గోడలకు, నేలకు పరచే బండగా మారి విదేశాలకు కూడ ఎగుమతి అయింది. పాత వస్తువుకు తగిన పనిని వెదకడం ఈ నేలకు తెలిసిన విద్యే.

అయితే వెదకడానికి ఒక క్రమం ఉండాలి. మొదట మీకు నచ్చిన మూడు ఆటల పేర్లు రాసి, ప్రతి పేరు పక్కన అందులో ఏది నచ్చిందో ఒక్క వాక్యంలో రాయండి. ‘బాగుంది’ అని రాస్తే చాలదు. వేగమా, వ్యూహమా, కథయా అన్నది తేలాలి. తరువాత మీ కంప్యూటరు వివరాలు రాసుకోండి. ప్రాసెసరు ఏది, మెమరీ ఎంత, డిస్కులో మిగిలిన చోటెంత, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నదా లేదా, యంత్రం 32 బిట్లదా 64 బిట్లదా అన్నవి ముఖ్యం. ఆట కోరే ‘కనీస అవసరాలు’ అంటే ఆట ఎలాగో తెరుచుకోవడానికి చాలినవి. సాఫీగా నడవాలంటే ‘సిఫారసు చేసిన అవసరాల’ను చూడాలి. మీ యంత్రం తయారైన ఏడాదికి రెండు మూడేళ్ల ముందు వెలువడిన ఆటలతో వెదుకులాట మొదలుపెడితే నిరాశ తగ్గుతుంది. అంతకంటె పాతవైన డాస్ కాలపు ఆటలకు 2002 నుంచి లభిస్తున్న ‘డాస్‌బాక్స్’ తోడ్పడుతుంది.

ఇక్కడ రెండు హెచ్చరికలు అవసరం. మొదటిది భద్రతకు సంబంధించినది. విండోస్ ఎక్స్‌పీకి 2014లో, విండోస్ 7కు 2020లో, విండోస్ 10కు 2025 అక్టోబరులో సాధారణ భద్రతా మద్దతు ముగిసింది. అటువంటి యంత్రాన్ని ఇంటర్నెట్టుకు దూరంగా ఉంచడమో, తేలికపాటి లినక్స్‌ను స్థాపించుకోవడమో మేలు. రెండవది దొంగ ప్రతులకు సంబంధించినది. ‘ప్రాజెక్ట్ ఐజీఐ’, ‘రోడ్ ర్యాష్’ వంటి ఆటలను నెట్ సెంటర్లలో ఆడినవారు నేటికీ వాటిని తలచుకుంటారు. పాత ఆటను కొందామన్నా దొరకదని వారు అనేమాటలో నిజం ఉంది. అమెరికాలో 2010కి ముందు వెలువడిన ఆటలలో 87 శాతం నేడు మార్కెట్టులో లభించవని వీడియోగేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించింది. పుస్తకాలకు గ్రంథాలయాలు ఉన్నట్లు ఆటలకూ ఉండాలని కోరడం న్యాయమే. కాని ఎవరో మార్చిన ప్రతిని పెన్‌డ్రైవులో తెచ్చుకుంటే ఆటతోపాటు వైరస్ కూడ రావచ్చు. నిర్మాతలే ఉచితంగా ఇచ్చిన ఆటలు ఇన్ని ఉండగా ఆ ప్రమాదం మనకెందుకు?

కొత్త ఆటలను ఆడవద్దని ఎవరూ అనరు. కొన్ని అనుభవాలు కొత్త యంత్రం లేనిదే లభించవన్నదీ వాస్తవమే. కాని పశ్చిమ ప్రకాశంలో వానను నమ్ముకొని సేద్యం చేసే కుటుంబాలు అనేకం. అటువంటి ఇంటిలో గ్రాఫిక్స్ కార్డు కోసం పట్టుబట్టడం అప్పుకు దారి తీయవచ్చు. అది కొన్న మూడేళ్లకు వచ్చే మరో ఆట మరింత శక్తిగల యంత్రాన్ని అడుగుతుంది. ఆ పరుగుకు అంతం లేదు. ఆటలన్నీ కాలహరణమే అనే తల్లిదండ్రుల ఆందోళనకు కూడ సమాధానం అభిరుచిలోనే ఉంది. తనకేమి కావాలో తెలిసినవాడు ఒక ఆటను ఎంచుకొని, ఆడి, ముగించి లేస్తాడు. తెలియనివాడు ఎదుట కనిపించిన ప్రతి ఆటకూ కాలాన్ని ధారపోస్తాడు.

పాత కంప్యూటరు మరొక అవకాశాన్ని కూడ ఇస్తుంది. దానిమీద ఆటను తయారుచేయవచ్చు. పులిజూదం పటంలో 23 స్థానాలు ఉంటాయి. ఏ స్థానం నుంచి ఏ స్థానానికి కదలవచ్చో పట్టిక రాసి, ఎప్పుడు పులి దూకవచ్చో నియమం చెబితే ఆటలో సగం పూర్తయినట్లే. పైథాన్ భాష నేర్చుకొంటున్న విద్యార్థి ఈ పనిని పాత యంత్రం మీదనే సాధించగలడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఆటలలోని మాటలను తెలుగులోకి అనువదించే అవకాశమూ ఉంది. ఆంగ్లం అడ్డమై ఆటకు దూరమైన చెల్లెలో తమ్ముడో ఆ అనువాదంతో ఆటలో చేరగలరు.

యంత్రాలు ఏటేటా మారుతాయి. అభిరుచి మనతోనే ఉండి పెరుగుతుంది. ఇతరులు ఆడుతున్నదే ఆడాలనే తపనను విడిచి, తనకు నచ్చినదేదో తాను తేల్చుకోవడం యువతకు ఆటలోనే కాదు, చదువులోనూ వృత్తిలోనూ అక్కరకు వచ్చే వివేకం. ఇంట్లో మూలనున్న ఆ కంప్యూటరు మీది దుమ్ము దులిపి, ఆ వివేకాన్ని ఈ సెలవులలోనే అభ్యసించడం మొదలుపెట్టవచ్చు.