ప్లాస్టిక్ అంటే పనికిరానిదేనా?



మా ఊళ్లో ఏ వస్తువైనా నాసిరకమని చెప్పాలంటే "అది పిలాస్టిక్‌ది, ఎన్ని రోజులొస్తది!" అంటారు. మా బాపు మాట కూడా అదే. ఆయన ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో బోరు మోటర్లు లేపే, దింపే పనికి పోతాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. కామారెడ్డిలో మన హాస్టల్లో ఉండి చదువుకుని, ఇప్పుడు రసాయన శాస్త్రంలో పీజీ చేస్తున్నాను. పాలిమర్ల పాఠం విన్నప్పటి నుండి ఈ విషయంలో మా ఇద్దరికీ వాదన నడుస్తూనే ఉంది.

రెండేళ్ల క్రితం ఎండాకాలంలో మా మోటరు ఆగిపోయింది. పైకి లేపి పంపు విప్పితే లోపలి ప్లాస్టిక్ ఇంపెల్లర్లు కరిగి అతుక్కుపోయి ఉన్నాయి. "ఇత్తడివి అయితే ఇట్లయితుండెనా?" అన్నాడు బాపు. కానీ జరిగింది వేరు. బోరులో నీళ్లు అడుగంటాయి. ఆటోస్టార్టర్ ఉంది కాబట్టి కరెంటు రాగానే మోటరు నీళ్లు లేకుండానే తిరిగింది. పంపు లోపలి భాగాలను చల్లబరిచేదీ, రాపిడి తగ్గించేదీ ఆ నీళ్లే. అవి లేకపోతే ఇత్తడి పంపులోనూ బుష్‌లు పట్టేస్తాయి. నీళ్లు ఉన్నంతకాలం ఆ ప్లాస్టిక్ తుప్పు పట్టదు, బరువు ఉండదు. ఇంపెల్లర్లకు ఎక్కువగా వాడే నోరిల్ నీటిని దాదాపు పీల్చుకోదు. అదే నైలాన్ అయితే నీటిని పీల్చి ఉబ్బుతుంది. రెండూ ప్లాస్టిక్కులే, గుణాలు మాత్రం వేరు.

బాపు నమ్మలేదు. అప్పుడు తుపాకీ సంగతి చెప్పాను. ప్రాణాల మీదికి వచ్చినప్పుడు పనిచేయాల్సిన వస్తువు కదా! 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న గ్లాక్ పిస్టల్ చట్రం పాలిమర్‌తో చేసిందే. గుండు పోయే గొట్టం, పేలుడు దెబ్బ తగిలే పై భాగం మాత్రం ఉక్కు. మన దేశంలో 2021లో ప్రకటించిన 'అస్మి' మెషిన్ పిస్టల్‌లో పై భాగం అల్యూమినియం, కింది భాగం కార్బన్ ఫైబర్ అని చెప్పారు. తర్వాత దాన్ని మన హైదరాబాద్‌లోని లోకేశ్ మెషీన్స్ తయారు చేసింది.

అట్లని ప్లాస్టిక్ ఎప్పుడూ గెలుస్తుందని నేను అనను. 1999లో కార్గిల్ చలికి ఇన్సాస్ రైఫిళ్ల ప్లాస్టిక్ మేగజైన్లు పగిలాయని వార్తలు వచ్చాయి. ఎండకు ఒకటి పెళుసుబారుతుంది, చలికి ఒకటి పగులుతుంది, ఇసుకకు ఒకటి అరుగుతుంది. పొలాల్లో వేసే హెచ్‌డీపీఈ పైపు నల్లగా ఎందుకుంటుంది? అందులో సుమారు రెండున్నర శాతం కలిపే కార్బన్ మసి ఎండ నుండి దాన్ని కాపాడుతుంది. కాబట్టి అడగాల్సింది "ప్లాస్టిక్కా, ఇనుమా?" అని కాదు, "ఏ ప్లాస్టిక్? ఏ పనికి?" అని.

ఇదంతా విని బాపు ఒక్క మాట అన్నాడు: "నువ్వు చెప్పేది మంచిగనే ఉన్నది కొడుకా. మరి దుకాణంల అది ఏ పిలాస్టికో మాకెవడు చెప్తడు?"

నా దగ్గర జవాబు లేకపోయింది. ఆయన కోపం అసలు ప్లాస్టిక్ మీద కాదు, ఏమీ చెప్పకుండా అంటగట్టే అమ్మకం మీద. నిజాంసాగర్, పోచారం కాలువలు అందని పొలాలకు బోరే దిక్కు. పంట పొట్టకొచ్చిన వేళ మోటరు ఆగితే ఆ రైతు నష్టం ఎవరు పూడుస్తారు? అందుకే పంపు మీద, బిల్లు మీద లోపలి భాగాలు ఏ పదార్థంతో చేసినవో తెలుగులో రాయాలని చట్టం ఉండాలి. నీళ్లు లేనప్పుడు మోటరును ఆపే పరికరం గురించి అమ్మేవాళ్లే చెప్పాలి.

చట్టం వచ్చేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మోటరు కొనడానికి అమ్మానాన్నల వెంట దుకాణానికి పోదాం. పైపు మీద ఐఎస్ఐ గుర్తు, పంపు మీద పేరుపలక మనమే చదివి చెప్పుదాం. హాస్టల్ అన్నం తిని నేర్చుకున్న నాలుగు అక్షరాలు మన వాళ్ల బోరు దగ్గర కూడా పనికి రావాలి.