ఆ ‘అర’ అభిమానులు కలిపిందే



గత సంచికలో పాత కార్ల వ్యాసం ఆసక్తిగా చదివాను. ఒక్క మాట మాత్రం ఒప్పుకోలేను. ఫోర్డ్ మస్టాంగ్‌కు ‘1964½’ అనే మోడల్ సంవత్సరం ఉందని రాశారు. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఆవిష్కరించిన ఆ కారును కంపెనీ మొదటి నుంచీ 1965 మోడల్‌గానే లెక్కగట్టింది. తొలి బండ్ల గుర్తింపు సంఖ్య కూడా 5తోనే మొదలవుతుంది. 5 అంటే 1965. ఆ ‘అర’ అభిమానులు కలిపింది.

అలాగని తేడా లేదనను. 1964 వేసవి దాకా తయారైనవాటికి జనరేటర్ ఉండేది. ఆ తర్వాత ఆల్టర్నేటర్ వచ్చింది. కానీ అరవై ఏళ్లలో ఆ భాగాన్ని ఎవరైనా మార్చి ఉండొచ్చు. అందుకే డ్రైవర్ తలుపుకున్న రేకు చూడాలి. అందులో తయారీకి నిర్ణయించిన తేదీ అంకెల్లో, నెల అక్షరంలో ఉంటుంది: ‘16ఎఫ్’ అంటే జూన్ 16. రేకు మీది గుర్తింపు సంఖ్య, బాడీ మీద కొట్టిన సంఖ్య కలిశాయో లేదో కూడా సరిచూడాలి. బండి వయసు అమ్మేవాణ్ణి కాదు, ఆ అంకెలనే అడగాలి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం