మన కాగితాలు మన ఇంట్లనే ఉండాలె, అట్లని దర్వాజ బార్లా తెరిచి పెట్టుడు కాదు

మొన్న చాయ్ హోటల్ కాడ నా మీద పెద్ద నవ్వులాట అయింది. పాత లాప్‌టాప్‌ను ఇంట్ల ఫైల్ సర్వర్ చేసిన అని తెలిసి ఒకాయన, "గూగుల్ డ్రైవ్ ఫ్రీగ ఉండంగ నీకెందుకే ఈ లొల్లి" అన్నడు. పక్కన కూసున్న కంప్యూటర్ రిపేర్ పిల్లగాడు, "కాకా, పెడితే నెక్స్ట్‌క్లౌడ్ పెట్టాలె, రౌటర్ల పోర్టు తెరవాలె, నీది ఉత్త ఆటబొమ్మ" అన్నడు. ఇద్దరూ మనోళ్లే. కానీ ఇద్దరు చెప్పిందీ తప్పే. ఎందుకో విడమర్చి రాస్తున్న, ఓపికగ చదవుండ్రి.

అసలు మనకు దాచుకునేది ఏమున్నది అంటరు. పాసుబుక్కు, రిజిస్ట్రీ దస్తావేజు, పాత పహాణీ నకళ్లు, టిప్పన్, బ్యాంకు లోన్ కాగితాలు. 2020 అక్టోబర్‌ల ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌ల భూభారతి వచ్చింది. పోర్టల్ మారినప్పుడల్లా ఆఫీసు ముందట ధైర్యంగ మాట్లాడింది ఎవరు? పాత పహాణీ చేతుల ఉన్నోడు. స్కాన్ చేసింది అసలు కాగితానికి సాటి రాదు, నాకు తెలుసు. కానీ సర్టిఫైడ్ నకలు తీయాలంటే దస్తావేజు నంబరు, సంవత్సరం చెప్పాలె కద. అది ఫోన్ల కనబడితే సగం పని అయినట్టే.

విత్తనాల సంగతి ఇంకా ముఖ్యం. పత్తి మొలవలేదనో, మిర్చి కాయ పట్టలేదనో కంప్లైంట్ ఇయ్యాలంటే బిల్లు కావాలె, సంచి మీది లాట్ నంబరు కావాలె. మనమేమో సంచి కోసి గెట్టు మీద పారేస్తం, బిల్లు అంగీ జేబుల పెట్టి ఉతుకుతం. మెషీన్ల నుంచి వచ్చే ఆ నున్నటి బిల్లు అయితే కొన్ని నెలలకు అచ్చు ఎగిరిపోయి తెల్ల కాగితం అయితది. అందుకే కొన్న రోజే సంచి ముందు, వెనుక, బిల్లు ఫోటో తీసి పెడుతున్న. ఫోటో అందరూ తీస్తరు. పంట పోయినంక అది దొరుకుడే కష్టం, వాట్సాప్ గుడ్ మార్నింగ్ పువ్వుల నడుమ యాడనో పడి ఉంటది.

డ్రైవ్ చెడ్డదని నేననను. నేను సుత వాడుతున్న. కానీ ఫ్రీ అన్నది ఇచ్చెటోని ఇష్టం. 2021 జూన్‌కు ముందు గూగుల్ ఫోటోస్‌ల సైజు కొంచెం తగ్గించి ఎన్ని ఫోటోలైనా పెట్టుకోనిచ్చిన్రు. ఆ తర్వాత మెయిలు, డ్రైవు, ఫోటోలు అన్నీ కలిపి 15 జీబీ లెక్కల ఏసిన్రు. రెండేండ్లు ముట్టని అకౌంటును తీసేయొచ్చని రూల్ కూడ ఉన్నది. మనల ఎంతమందికి జీమెయిల్ పాస్‌వర్డ్ యాదికున్నది చెప్పుండ్రి? ఫోన్ కొన్ననాడు షాపోడు పెట్టిందే కద. తాతల నాటి భూమి కాగితాలు షాపోడు పెట్టిన పాస్‌వర్డ్ మీద ఉన్నయన్నమాట.

ఇగ పిల్లగాని మాటకొస్త. పోర్టు తెరుచుడంటే ఇంటి దర్వాజ లోకమంతటికీ కనబడేటట్టు పెట్టుడు. తాళం ఉంటది, కాదనను. కానీ ఆ తాళంల లోపం బయటపడ్డనాడు దాన్ని మార్చెతందుకు నువ్వు ఇంట్ల ఉండాలె. ఆనాడు నువ్వు చేన్ల మందు కొడుతుంటవ్. 2021 జూన్‌ల వెస్టర్న్ డిజిటల్ వాళ్ల మై బుక్ లైవ్ అనే డబ్బాలు పెట్టుకున్న చానమందికి లోపలున్నదంత తుడుచుకుపోయింది. ఆ డబ్బాకు 2015 తర్వాత అప్‌డేటే లేదు. 2022 జనవరిల క్యూనాప్ డబ్బాల మీద డెడ్‌బోల్ట్ పడి, ఫైళ్లకు తాళమేసి, 0.03 బిట్‌కాయిన్ కడితేనే తీస్తమన్నది. అవి పైసలు పెట్టి కొన్న కంపెనీ డబ్బాలు. మనం ఇంట్ల కట్టుకున్నదానికి ఎవడు కాపలా ఉంటడు?

పైగ మన ఊర్లల్ల చాన కనెక్షన్లకు పోర్టు తెరిచినా ఫాయిదా ఉండది. కంపెనీ ఒక్కటే అడ్రసును చాన ఇండ్లకు పంచుతది, దాన్ని సీజీనాట్ అంటరు. రౌటర్ల వ్యాన్ అడ్రస్ 100.64 నుంచి 100.127 నడుమ మొదలైతే మీదీ గదే. వాడకట్టంతటికీ ఒక్కటే పోస్టు డబ్బా ఉన్నట్టు, వచ్చిన ఉత్తరం ఏ ఇంటిదో బయటోనికి తెల్వది. స్టాటిక్ ఐపీ కొనుమని పిల్లగాడు అంటడు. నెల నెలా పైసలు కట్టి మరీ దర్వాజ తెరుచుకోవాల్నా?

నెక్స్ట్‌క్లౌడ్ మంచి సాఫ్ట్‌వేరే. పది మంది పనిచేసే ఆఫీసుకో, సొసైటీకో అయితే నేను కూడ అదే పెట్టుమంట. కానీ దాని కింద వెబ్ సర్వర్, పీహెచ్‌పీ, డేటాబేస్ అన్నీ సక్కగ నడవాలె. పెద్ద వెర్షన్లు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కాలె, నడుమది ఇడిసిపెట్టి దుంకనియ్యదు. రెండేండ్లు ముట్టకుండ ఉంటే మెట్టు మెట్టు ఎక్కెతందుకు ఎవర్నన్న పిలవాలె. సీఫైల్ వేగంగ ఉంటది, కానీ ఫైళ్లను ముక్కలు చేసి దాస్తది. అది చెడిపోయిన్నాడు డిస్కు పీకి చూస్తే పహాణీ అన్న పేరుతోని ఏదీ కనబడది. ట్రూనాస్ 8 జీబీ ర్యామ్ అడుగుతది, మూలకు పడ్డ లాప్‌టాప్‌ల అంత యాడిది?

నేను సాఫ్ట్‌వేర్ చూసుకున్న లెక్క ఒక్కటే. రేపు నాకేమన్న అయితే, మా ఇంటామె ఆ డిస్కు తీసుకపోయి ఏ షాపుల పెట్టినా ఫోల్డర్లు పేర్లతోని కనబడాలె. అందుకే ఓపెన్‌మీడియావాల్ట్ ఎక్కించిన, పాత మిషన్లనే నడుస్తది. ఇంట్ల కంప్యూటర్‌కు సాంబా షేర్. ఫోన్ల తీసిన ఫోటోలు వాటంతటవే వచ్చెతందుకు సింక్‌థింగ్. బయటికెళ్లి చూసెతందుకు టెయిల్‌స్కేల్. దీంట్ల పోర్టు తెరిచే పని లేదు. ఫోనూ, సర్వరూ రెండూ లోపలి నుంచే బయటికి పిలిచి కలుసుకుంటయ్, నడుమ పోయేదంత తాళమేసే పోతది. అది కూడ కంపెనీదే కద అంటరు. నిజమే. రేపు వాళ్లు బంద్ పెడితే నాకు దూరం నుంచి చూసే దారి బంద్ అయితది. ఫైళ్లు నా డిస్కులనే ఉంటయ్.

లాప్‌టాప్ అయితే ఇంకో లాభం, కరెంటు పోతే బ్యాటరీ ఆపుకుంటది. రౌటర్‌కు మాత్రం చిన్న యూపీఎస్ పెట్టుకోవాలె. 15 వాట్లు తింటదనుకున్నా నెలకు పదకొండు యూనిట్లు దాటది. బ్యాటరీ ఉబ్బిందేమో అప్పుడప్పుడు చూస్తుండాలె.

నచ్చనివీ ఉన్నయ్. సింక్‌థింగ్ అసలు ఆండ్రాయిడ్ యాప్‌ను 2024 డిసెంబర్‌ల ఆపేసిన్రు, వేరేటోళ్లు నడిపే ఫోర్క్ వాడాల్సి వస్తున్నది. ఇంకోటి, సింక్ అయితే బ్యాకప్ అయినట్టు కాదు. మా మనుమడు ఫోన్ల ఆడుకుంట విత్తనాల ఫోల్డర్ తుడిచిండు, సర్వర్‌ల కూడ పోయింది. ఫైల్ వర్షనింగ్ పెట్టి ఉన్న కాబట్టి మళ్ల దొరికినయ్. అది పెట్టకుండ ఎవరూ సింక్‌థింగ్ మొదలు పెట్టొద్దు. వారానికోసారి బయటి డిస్కుల కాపీ తీసి మా అక్క ఇంట్ల పెడుతున్న. ఆ డిస్కు ఎక్స్‌ఫ్యాట్‌ల ఫార్మాట్ చేసిన, లైనక్స్ ఫార్మాట్ అయితే షాపుల విండోస్ దాన్ని చదవది.

నేను కూడ ఒకసారి పరేషాన్ అయిన. తహసీల్ ఆఫీసుల సారు పాత దస్తావేజు నంబరు అడిగితే ఫోన్ తీసిన, సర్వర్ కలవలే. టెయిల్‌స్కేల్‌ల మిషన్ తాళానికి 180 రోజుల గడువు ఉంటది, సర్వర్‌కు దాన్ని బంద్ పెట్టుకోవాలె. నేను పెట్టలే. తప్పు నాదే. ఇంటికి ఫోన్ చేస్తే మా ఇంటామె సాంబా ఫోల్డర్ తెరిచి, నంబరు చదివి చెప్పింది. పిల్లగాడు చెప్పిన పెద్ద సాఫ్ట్‌వేరే ఉండి, దాని డేటాబేస్ ఆనాడు పడుకుంటే ఆమె ఏం తెరుస్తుండె?

యాసంగి నాట్లు అయినంక ఒక ఆదివారం మా ఇంట్ల కూసుందాం. పిల్లగాన్ని కూడ పిలుస్తున్న, వాదన ఆడనే తేల్చుకుందాం. మూలకు పడ్డ లాప్‌టాప్ ఉంటే పట్టుకరండ్రి, చార్జర్ మాత్రం మరవొద్దు.